నాలుగు పౌండ్ల వదులు

బుడ్డమ్మా,

ఎట్లున్నావు? అమ్మ మోకాళ్ల నొప్పులు తగ్గాయా? మరిది దగ్గుకు ఆ కషాయం పనిచేసిందా? ఇక్కడ మీ బావ, స్వప్న, నేను బాగానే ఉన్నాము. నిజంగానే బాగున్నాము, మా గురించి రంది పెట్టుకోకు.

ఫోన్ ఉండగా ఉత్తరం ఏంది అనుకుంటావు. ఫోన్‌లో నేను నవీన్ పేరు ఎత్తగానే నాకు ఏడుపు వస్తుంది, నువ్వు "మళ్ల మాట్లాడుతనక్కా" అని పెట్టేస్తావు. నా కొడుకు పోయి రెండేళ్లు కావస్తోంది, ఇప్పటికీ ఇదే కదా మన వరస. అందుకే ఐదో తరగతి చదువుతో కూర్చుని రాస్తున్నాను. తప్పులుంటే నవ్వుకో. కానీ దీన్ని అంగన్‌వాడీ టీచరమ్మతో చదివించుకోకు, కూడబలుక్కునైనా నువ్వే చదువుకో. వాడు పోయినప్పటి నుంచి నువ్వు రాత్రి అన్నం మానేశావని అమ్మ మొన్ననే చెప్పింది. దాని గురించి నీకు ఒకటి చెప్పాలి. చెప్పే ధైర్యం ఎక్కడి నుంచి వచ్చిందో ముందు రాస్తాను.

ఇక్కడ నాచారంలో వానలు ఆగడం లేదు. కంపెనీల ముందు రోడ్డంతా నీళ్లే. వానాకాలం అంటే మీ బావకు సెలవు కాదు, ఇంకా పని. మట్టి కోర్టు కదా, నిలిచిన నీళ్లు స్పాంజితో పిండాలి, ఎండ రాగానే రోలర్ లాగాలి, సున్నం గీతలు మళ్లీ వేయాలి. పదేళ్ల కింద ఈ టెన్నిస్ కోర్టు పని దొరికిందనే కదా నవీన్‌ను చదువు కోసం నీ దగ్గర వదిలి, మేము ఇటు వచ్చాము. స్వప్నకు అప్పుడు పదేళ్లు. వాళ్ల నాన్న గీతలు వేస్తుంటే అది వెనక బంతులు ఏరేది. దాసు సార్ అది చూసి, "గా పిల్లకు ఒక పాత రాకెట్ ఇయ్యిర్రి, జర సూద్దాం" అన్నాడు. ఆ చూడటం పదేళ్లు సాగింది.

దాసు సార్‌ను నువ్వు చూశావు. నవీన్ దినాలకు మన ఊరికి వచ్చి, ఎవరితోనూ మాట్లాడక అరుగు మీద కూర్చున్న తెల్ల మీసాల ఆయన. రైల్వేలో చేసి రిటైరయ్యాడు. మల్కాజిగిరి నుంచి రోజూ పొద్దున ఐదున్నరకు స్కూటర్ మీద వస్తాడు. స్వప్నకు ఇప్పుడు ఆటే ఉద్యోగం, ర్యాంకు కోసం ఊరూరా తిరిగి టోర్నమెంట్లు ఆడుతుంది. దాని కోచ్ మొదటి రోజు నుంచి ఆయన ఒక్కడే.

నాకు కూడా ఆయనే నేర్పాడు. నవీన్ పోయాక మూడు నెలలు నేను గదిలో గోడ చూస్తూ కూర్చున్నాను. మీ బావ బతిమాలాడు, తిట్టాడు, నేను లేవలేదు. ఒకరోజు సార్ గుమ్మం దాకా వచ్చాడు.

"సత్తెమ్మా, గా గోడ ఏమన్న జెప్తుందా?"

నేను గోడ వైపే తిరిగి కూర్చున్నాను, జవాబు ఆయనే చెప్పాడు.

"జెప్పదు. రేపటిసంది కోర్టు కాడి షెడ్డుకు రా. గట్టింగ్ మిషన్ మీద దుమ్ము పడ్తుంది."

గట్టింగ్ అంటే రాకెట్‌కు తీగలు అల్లడం. మన అమ్మ నులక మంచం అల్లదూ, ఒకటి పైనుంచి ఒకటి కిందినుంచి, అట్లనే. కాకపోతే ప్రతి తీగనూ మిషన్ మీద ఇన్ని పౌండ్లు అని పెట్టి బిగించాలి. బిగువు ఎక్కువైతే బంతి మాట వింటుంది, చేతికి దెబ్బ. వదులైతే చేతికి హాయి, బంతి దూరం పోతుంది. మొదటి వారం నా వేళ్లన్నీ కోసుకున్నాయి. సార్ ప్లాస్టర్ చుట్ట నా ముందు పెట్టి, "ఏడ్వాలంటే గీ వేళ్ల కోసం ఏడువు, జల్దీ తగ్గుతయి" అన్నాడు. అట్లా మళ్లీ మనుషుల్లో పడ్డాను. ఈ రుణం ఎన్ని జన్మలైనా తీరదు బుడ్డమ్మా.

స్వప్న రాకెట్‌కు యాభై నాలుగు పౌండ్లు. సార్ ఆ అంకె షెడ్డు గోడ మీద చాక్‌పీసుతో రాశాడు. ఏళ్ల నుంచి అది మారలేదు.

ఎండాకాలం చివర ఒకరోజు ప్రాక్టీసు అయ్యాక స్వప్న షెడ్డులో బెంచీ మీద కూర్చుని మోచేయి పట్టుకుంది. "అమ్మా, చెయ్యి గుంజుతుందే" అంది. అదే మాట నేను అంతకు ముందు కూడా విన్నాను. ఎవరి నోట విన్నానో చివర రాస్తాను. ఉప్పల్‌లో డాక్టరు దగ్గరికి తీసుకుపోయాను. గుండె కూడా చూడమన్నాను. గుండెకు ఏమీ లేదు, మోచేతి నరం ఒత్తుకుంది, తీగల బిగువు కొంచెం తగ్గించండి అన్నాడు. సార్ ఒప్పుకోలేదు. "బిగువు తగ్గిస్తె బాల్ ఎటన్న పోతది. చెయ్యిని గట్టిగ చేస్కోవాలె, తీగలను మెత్తగ గాదు" అన్నాడు.

ఆయన మాట నేను ఎప్పుడూ దాటలేదు. ఆ రోజు దాటాను. ఎవరికీ చెప్పకుండా యాభై పెట్టి బిగించాను. గోడ మీద యాభై నాలుగు, రాకెట్‌లో యాభై.

పది రోజుల్లో నొప్పి తగ్గింది. దేవుడికి కొబ్బరికాయ కొట్టాను. కానీ పిల్ల ఓడిపోవడం మొదలైంది. మూడు టోర్నమెంట్లు, మూడింట్లోనూ మొదటి ఆటలోనే. ఆ మూడో చోట పూణె కోచ్ ఒకాయన చూసి, నా దగ్గరికి రా, నీ ఆట మారుస్తాను అన్నాడట. ఇంటికి వచ్చి అన్నం దగ్గర ఆ మాట చెప్పింది. మీ బావకు కోపం వచ్చింది.

"ఇరవై నిండంగనే గురువు పాతబడ్డడా? గింత నేర్పినాయనను ఇడిశి పోతవా?"

"నేను సార్‌ను తిట్టలే నాన్నా. ఆయన చెప్పిన కాడికే కొడ్తున్న. ప్రతి బాల్ జానెడు బయట పడ్తుంది. ఆయన నేర్పుడు గిప్పటి ఆటకు సరిపోతలేదు, గంతే."

"జానెడు నీదైతది గానీ సార్‌దెట్లైతది?"

"నువ్వు గీతలు సక్కగ గియ్యి నాన్నా, తర్వాత మాట్లాడుదాం."

మీ బావకు నవ్వొచ్చింది, ఆపుకున్నాడు. నేను మాత్రం కంచం ముందు నుంచి లేచి చేయి కడుక్కున్నాను. ఆ జానెడు సార్‌ది కాదు, స్వప్నది కాదు. ఆ జానెడు నాది.

అయినా వారం రోజులు నోరు మెదపలేదు. చెబితే ఆ పిల్ల నా చేతికి మళ్లీ రాకెట్ ఇవ్వదు, సార్ నన్ను మిషన్ ముట్టనివ్వడు అని భయం. వారం తర్వాత స్వప్న వెళ్లి "సార్, నేను పూణె పోత" అని చెప్పేసింది. సార్ "మంచిది బిడ్డా" అన్నాడు, అంతే. స్కూటర్ దగ్గరికి నడిచాడు. హెల్మెట్ బెంచీ మీదే మరిచిపోయాడు. ఏ రోజూ మరిచిపోని మనిషి. నేను అది పట్టుకుని ఉరికాను.

"సారూ, తప్పు మీది గాదు. నేనే నాలుగు పౌండ్లు తగ్గించిన."

"తెలుసు."

"ఎప్పటిసంది?"

"మూడో నాటిసంది. రాకెట్ అరచేతికి కొట్టి సూస్త గదా. టంగుమనేది టప్పుమన్నది."

"మరి అడగకపోతిరి సారూ?"

హెల్మెట్ పెట్టుకున్నాడు, మళ్లీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "అడిగితే నువ్వు మళ్ల గోడ కాడ కూసుంటవని భయమైంది" అన్నాడు.

ఆయనే చెప్పాడు. "పిల్ల చెయ్యి నొప్పి తగ్గింది గదా, నేను మొండికేసిన, నువ్వు బిడ్డ మాట ఇన్నవు. గా వదులు తీగలకు తగ్గట్టు ఆట మార్చుదామని చూసిన. మార్చనీకి నాకు చాతకాలే. గది నీ తప్పు గాదు."

చూశావా బుడ్డమ్మా. పదేళ్లు పెంచిన ప్లేయర్ చేజారిపోతున్నా, పాతబడ్డాడన్న పేరు మీద పడుతున్నా, నేను ఆ షెడ్డులో కూర్చోవాలని ఊరుకున్నాడు.

ఆ రోజే ఇంటికి వచ్చి స్వప్నకు చెప్పాను. "మూడు టోర్నమెంట్లమ్మా! నా రాకెట్ సంగతి నాకే తెల్వకపాయె!" అని టవల్ విసిరికొట్టింది. రెండు రోజులు నేను వండింది తిన్నది గానీ నా మొహం చూడలేదు. మూడో రోజు పొద్దున నా చేయి పట్టుకుని షెడ్డుకు లాక్కుపోయింది. వాన పడుతోంది, సార్ టీ తాగుతున్నాడు.

"సార్, నేను పూణె పోను."

"ఏమైంది? మీ అమ్మ ఒప్పుకోంగనే నేను పెద్ద కోచ్‌నైతినా?"

"అట్ల గాదు సార్. మిమ్మల్నే తప్పువట్టిన."

"ఇను బిడ్డా. నీ చెయ్యి నొప్పి రాకుంట ఎట్ల ఆడాలె, సర్వీసు ఎట్ల మార్చాలె, గా ఇద్దె నా దగ్గర లేదు. ఉంటే దాచుకుంటనా? మొన్న నువ్వు కోపంతోని పోతుంటివి. కోపంతోని పోయినోళ్లు కొత్తాయన మాట ఇనరు, పాతాయనది తప్పని చూపెట్టనీకే ఆడ్తరు. గిప్పుడు కోపం లేదు గదా. గిప్పుడు పో."

స్వప్న ఏడ్చింది. సార్ టీ గ్లాసు దాని చేతికి ఇచ్చి, "చల్లగైంది, తాగు, నాకొద్దు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "సత్తెమ్మా, ఎంత బిగించాలెనో ఈసారన్న పిల్లను అడుగు" అన్నాడు. మిషన్ పట్టిన నాటి నుంచి మొదటిసారి అడిగాను.

"యాభై ఒకటి. గా ఒకటి సార్ మొహం జూసి" అంది.

సార్ లేచి గోడ మీది యాభై నాలుగును చొక్కా చేతితో తుడిచి యాభై ఒకటి రాశాడు. నేను ఆరు రాకెట్లు అల్లాను. వచ్చే ఆదివారం పిల్ల పూణె పోతుంది.

ఇక నీ సంగతి. ఎన్నిసార్లు రాసి కొట్టేశానో కాగితం చూస్తే తెలుస్తుంది.

చదువైపోయి మా దగ్గర ఉంటున్న నవీన్ ఆ ఏడు మీ పత్తి తీయడానికి వచ్చాడు కదా. దానికి నాలుగు రోజుల ముందు, ఇక్కడే, స్వప్న కూర్చున్న ఆ షెడ్డు బెంచీ మీదే కూర్చుని "అమ్మా, ఎడమ చెయ్యి గుంజుతుందే" అన్నాడు. రెండుసార్లు అన్నాడు. నేను బామ్ రాసి, "చెల్లెతోని గంతసేపు ఆడితె గుంజదా" అని కసిరాను. డాక్టరు దగ్గరికి తీసుకుపోలేదు. వాడు నీ దగ్గరికి వచ్చాడు, పత్తి నింపిన బోరాలు మోశాడు, మరునాడు పోయాడు. దవాఖానా ముందు మనవాళ్లు "చిన్నమ్మ బోరాలు మోపిచ్చింది, గందుకే గుండె ఆగింది" అన్నప్పుడు నువ్వు నా వైపు చూశావు. నేను తల దించుకున్నాను. గుండె చాలా రోజుల కిందనే దెబ్బతిన్నదని డాక్టరు మీ బావతో చెప్పాడు. ఆ ఏడుపుల్లో ఆ మాట నీ దాకా రాలేదు. నేనూ తెచ్చి చెప్పలేదు. చెబితే బామ్ సంగతి బయటపడుతుందని.

వాడిని చంపింది నీ బోరాలు కాదు బుడ్డమ్మా. ఆరేళ్లు కన్నకొడుకులా సాకావు. చివరి సాయంత్రం నాకు ఫోన్ చేసి, "చిన్నమ్మ మక్క గారెలు చేసిందే, ఎనిమిది తిన్న" అని నవ్వాడు. వాడి చివరి నవ్వు నీ వంటింట్లోనిది. దానికి నీకు దండం పెట్టాల్సిన దాన్ని, తప్పంతా నీ మీద ఉండనిచ్చాను. నన్ను తిట్టాలనిపిస్తే తిట్టు, మాట్లాడొద్దనిపిస్తే మాట్లాడకు. సార్ నన్ను క్షమించాడు కదా అని నిన్ను క్షమించమని అడగను. నిజం నీ చేతికి రావాలి, అంతే.

కోపం తగ్గాక ఒకసారి రా. పిల్ల పోతే గది బోసిపోతుంది. బస్సు దిగేది ఉప్పల్‌లోనే, ఫోన్ చేస్తే మీ బావ వస్తాడు. వచ్చేటప్పుడు పుంటికూర తొక్కు తే, సార్‌కు కూడా ఒక సీసా వేరే కట్టు. స్వప్నను మంచిగా ఆడమని అమ్మతో దీవెనలు పెట్టించు. అమ్మ కాళ్లకు నా బదులు నువ్వే మొక్కు. మరిదిని అడిగానని చెప్పు.

నీ తప్పు లేదని ఆలస్యంగా చెప్పిన నీ అక్క,
సత్తెమ్మ

ఈ పూట నుంచి రాత్రికి అన్నం తిను. కడుపు నిండా తిను.