పేరు పెట్టొద్దన్న కుక్కపిల్ల

చిట్టితల్లికి,

ఫోన్లో చెప్పే సంగతి ఉత్తరంలో రాస్తున్నానని నాకు చాదస్తం ముదిరిందనుకోకు. నేను ఫోన్లో మాట్లాడితే వీధి చివర మందుల షాపు దాకా వినబడుతుంది. మీ అమ్మ ఉండేది పక్కనే, వంటింట్లో. ఇది ఆవిడ వినకూడని విషయం.

సెలవులకు వచ్చి, వానలో దొరికిందంటూ నువ్వు మా నెత్తిన పెట్టి వెళ్ళిన కుక్కపిల్ల క్షేమం. మీ నాన్న చెప్పులూ నా కళ్ళజోడు పెట్టెనూ నమిలేసి మరీ క్షేమంగా ఉంది. ఎటొచ్చీ దాని భవిష్యత్తే బాగాలేదు. "ఆదివారం ఫొటో స్టూడియో ఆయన వచ్చి తీసుకెళ్తాడు. అందాకా ఎవరూ దానికి పేరు పెట్టొద్దు" అని మీ అమ్మ ఉత్తర్వు వేసింది. పేరు పెట్టిన ప్రాణిని గుమ్మం దాటించకూడదన్నది ఈ ఇంట్లో మీ తాతయ్య చేసిన కట్టుబాటు. అది మీ అమ్మకూ తెలుసు. అందుకే అసలు పేరే వద్దంది.

ఆ పేర్లు గుర్తున్నాయా? పొద్దస్తమానం పడుకునే పిల్లి హెడ్ క్లర్కు. తాబేలు టెలిగ్రాం. చెవులు చిల్లులు పడేలా అరిచే చిలక మౌనవ్రతం. ప్రతి సంచీ వాసన చూసి దేన్నీ పట్టుకోలేని కుక్క ఇన్‌స్పెక్టరు. మన ఇంటికి వచ్చినవాళ్ళు ముందు ఈ పేర్లడిగి, కడుపుబ్బ నవ్వి, ఆ తర్వాతే కూర్చునేవారు. తాతయ్య పోయాక ఆ పదవి నీకొచ్చింది. గాజు తొట్టిలో చేపలకు 'అద్దెకున్నవాళ్ళు' అని పెట్టినప్పుడే నువ్వు ఆయన మనవరాలివని తేలిపోయింది.

ఇప్పుడీ కుక్కపిల్లను మీ నాన్న "ఏయ్" అంటాడు. నేను "ఇదిగో" అంటాను. మీ అమ్మ "అది" అంటుంది. కాబట్టి వెంటనే ఒక పేరు రాసి పంపు. శనివారం భోజనాల దగ్గర అందరి ముందూ పిలిచేస్తాను. పిలిచాక మీ అమ్మ చేయగలిగిందేమీ ఉండదు. దీన్ని కుట్ర అంటారని నాకు తెలుసు. బడిలో హెడ్‌మిస్ట్రెస్‌గా చేసినదాన్ని, ఆ మాత్రం చేతకాదా?

నీ నానమ్మ


చిట్టితల్లీ,

నువ్వు పంపిన 'ఉపసంఘం' అందింది. నాలుగు కాళ్ళూ నాలుగు దిక్కులకు పోయి, చివరికి ఎక్కడికీ చేరదు కాబట్టి ఆ పేరు దానికి అతికినట్టు సరిపోయింది. మీ తాతయ్య ఉంటే నీ వీపు తట్టేవారు. నేను మాత్రం పిలవలేదు.

ఇవాళ భోజనాల దగ్గర గొంతు సవరించుకున్నానో లేదో, మీ అమ్మ గరిటె కింద పెట్టింది.

"పేరొచ్చిందా అత్తయ్యా?"

"ఏ పేరు?" అన్నాను. అబద్ధం ఆడటం నాకు ఎప్పుడూ రాలేదు.

"మీ మనవరాలు పంపే ఉంటుందిలెండి. బాగానే ఉంటుంది, నేనూ నవ్వుతాను. కానీ ఈ ఇంట్లో పేర్లు పెట్టేవాళ్ళు వేరు, కింద శుభ్రం చేసేవాళ్ళు వేరు. ఇన్‌స్పెక్టరు కాళ్ళు పడిపోతే దుప్పట్లు ఉతికిందెవరు?"

"ఇప్పుడవన్నీ ఎందుకు?" అన్నాడు మీ నాన్న.

"మీరు ఊరుకోండి. ఆ రోజు ఆస్పత్రి దగ్గర మీరు కారు దిగలేదు." అని నా వైపు తిరిగింది. "డాక్టరు ఆఖరి ఇంజెక్షను ఇస్తుంటే తల పట్టుకున్నది నేను. నా చెయ్యి నాకుతోంది. ఏదో ఒకటి చెప్పాలి కదా అత్తయ్యా దానికి. 'భయపడకు ఇన్‌స్పెక్టరూ' అనాలా? నోరు రాలేదు. 'నాన్నా, నాన్నా' అన్నాను. ఎవర్ని పిలుస్తున్నానా అన్నట్టు చూసింది. దానికి తెలియని పేరుతో పంపించాను దాన్ని. ఇంకోసారి నావల్ల కాదు."

ఇన్నేళ్ళలో ఒక్కసారి కూడా ఈ మాట బయట పెట్టలేదు. ఇంటికొచ్చినవాళ్ళు ఆ పేర్లు విని నవ్వుతుంటే మంచినీళ్ళు తెచ్చి ఇచ్చేది, తనూ నవ్వేది.

నీ పేరు నా నోట్లోనే ఉండిపోయింది. రేపు స్టూడియో ఆయన వస్తే నేను అడ్డు చెప్పను. నువ్వూ చెప్పకు. అలిగితే అలుగు, తీరిగ్గా తర్వాత బతిమాలుకుంటాను.

నానమ్మ


చిట్టితల్లికి,

కుక్కపిల్ల వెళ్ళలేదు. గంతులు వేయడం ఆపి పూర్తిగా చదువు.

నేను ఉత్తరం పోస్టులో వేసి వచ్చేసరికి అది మీ నాన్న కోటు బొత్తాం మింగింది. చిన్నది కాదు, పెద్దదే. దానంతటదే వచ్చేస్తుందని, రోజూ చూసుకుంటూ ఉండమని డాక్టరు చెప్పాడు. ఎక్కడ చూడాలో వివరించనక్కర్లేదు కదా. "కడుపులో బొత్తాం పెట్టి ఇంకొకరింటికి ఎలా పంపుతాం?" అని మీ అమ్మ స్టూడియో ఆయనకు కబురు చేసింది, రెండు మూడు రోజులు ఆగమని.

పెరట్లోకి ఆవిడ పుల్ల పట్టుకుని బయల్దేరింది. వెనకాలే మీ నాన్న పాత పేపరు పట్టుకుని వెళ్ళాడు. ఎవరూ పంపలేదు.

"అటు కాదండీ, ఇటు చూడండి."

"ఇది చింతగింజలా ఉందే."

"మీ కళ్ళకు అన్నీ చింతగింజలే."

పక్కపక్కనే గొంతుక్కూర్చుని, ముక్కులు మూసుకుని, పొద్దునా సాయంత్రం వాళ్ళు అంతసేపు మాట్లాడుకోవడం ఈ మధ్య నేను చూడలేదు. కిటికీ తలుపు కాస్త తెరిచి ఉంచాను. గాలి కోసం.

నిన్న ఉదయం దొరికింది. మీ అమ్మ దాన్ని కుళాయి కింద కడిగి, కొంగుతో తుడిచి, వెలుతురులో పట్టి చూసింది. ఆ పైన కుక్కపిల్ల వైపు తిరిగి, "బొత్తాం, ఇటు రా" అంది. పేరు పెట్టాలని అన్నది కాదు. ఆ క్షణంలో నోటికి అలా వచ్చింది. అది తోకతో సహా ఒళ్ళంతా ఊపుకుంటూ వెళ్ళి ఆవిడ కాళ్ళ మీద పడింది. మీ నాన్న నా వంక చూశాడు, నేను గోడ వంక చూశాను.

స్టూడియో ఆయన మధ్యాహ్నం కొత్త గొలుసు కొనుక్కుని మరీ వచ్చాడు. మీ అమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"ఏమీ అనుకోకండి. బొత్తాం ఎక్కడికీ రావడం లేదు."

బొత్తాం అంటే ఎవరో పెద్ద మనిషి అనుకున్నాడో ఏమో, లోపలికి తొంగి చూసి, "సరేనండి, ఆయన ఇష్టం" అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం బియ్యం ఏరుతూ మీ అమ్మ నెమ్మదిగా అడిగింది. "మామయ్యగారు పెట్టిన పేర్ల ముందు ఇది మరీ మామూలుగా ఉంది కదా అత్తయ్యా?"

"ఉంది" అన్నాను. "కానీ ఆయన పెట్టిన పేర్లకు ఒక్క ప్రాణి కూడా ఇలా పరిగెత్తుకుంటూ రాలేదు."

మీ అమ్మ చేట పక్కన పెట్టింది. ఆ తర్వాత, పనేమీ లేకపోయినా, బొత్తాన్ని ఇంకోసారి పిలిచింది.

నీ నానమ్మ