గడియారం పక్కన మిగిలిన మాట

అక్కా,

నువ్వు పోయి ఇవాళ్టికి పదేళ్లు. ఏలూరులో మన డీటీపీ షాపు పాత కంప్యూటర్ మొరాయిస్తుంటే పొద్దున మెకానిక్‌ని పిలిచాను. తెర మూలన గడియారం పక్కనుండే గుర్తుల జాబితా తెరిచారాయన. ఎప్పుడో తీసేసిన ప్రోగ్రాముల పేర్లు కూడా అందులో ఉండిపోతాయట. వాటి మధ్య నీ చాటింగ్ గుర్తు, దాని పక్కన నువ్వు చివరిసారి స్టేటస్‌గా పెట్టిన మాట కనిపించాయి: “ఇప్పుడే వస్తాను.”

అది పెట్టిన సాయంత్రమే కైకలూరులో ఎవరికో మన షాపులో వేసిన పెళ్లికార్డులు ఇచ్చి రావడానికి బండి మీద వెళ్లావు. తిరిగి రాలేదు.

ఆ జాబితా తుడిచేస్తానని మెకానిక్ అంటే, “ఇదొక్కటీ ఉంచగలరాండీ?” అని అడిగాను.

“కుదరదండీ. తుడిస్తే అన్నీ పోతాయి.”

“అయితే ఏదీ తుడవకండి.”

షాపు కట్టేసే వేళ కంప్యూటర్ ఆపబోతుంటే, నీ మాట చూసిన అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

“కరెంటు పోతే పోనీ. మన చేత్తో మనం ఆపొద్దే” అంది.

నీ చెల్లి