హజ్జా ఫిద్దా చావూ, మా ఇంటి స్లాబూ

కఫ్ర్ లోజా
ఆలివ్ కాయలు నల్లబడే రోజులు

నాయనా షెహాదె మేస్త్రీ,

నీకూ నీ ఇంటిల్లిపాదికీ సలాములు. ఇక్కడ మేమంతా క్షేమం అని ముందు రాయాలట, అందుకని రాశాను. క్షేమం ఎక్కడిది?

అంజూరాలు ఎండేలోగా స్లాబు వేస్తానన్నావు. అవి ఎండాయి, మా తోడికోడలు రస్మియ్యా వాటిని దండలు గుచ్చి దాచేసింది కూడా. నా నాలుగు గోడలు ఆకాశం కేసి నోరు తెరుచుకుని నిలబడ్డాయి. నిన్న వెళ్ళి చూస్తే పక్కింటి మేకలు నా పడక గదిలో పడుకుని ఉన్నాయి. పోనీలే పాపం అనుకున్నాను. కానీ వాటికి అలవాటైపోతే రేపు లేపేదెవరు?

మా అబ్బాయి ఘాలెబ్ సైన్యంలో ఉన్నాడు, సెలవు దొరకదు. ఇల్లు నా నెత్తిన పెట్టి వెళ్ళాడు. వాళ్ళ నాన్న పోయినప్పటి నుంచీ నేను రస్మియ్యా ఇంట్లో ఆలివ్ నూనె జాడీల గదిలో పడుకుంటున్నాను. రాత్రి పక్కకు తిరగాలన్నా భయమే. జాడీ కదిలితే చాలు, అవతలి గదిలోంచి ఆవిడ నోరు లేస్తుంది. తొలి వాన పడేలోగా నా కప్పు కింద నేను పడుకోవాలి. అంతకు మించి నాకేం అక్కర్లేదు. ముందు వాన వచ్చిందా, ఈ చలికాలం కూడా జాడీల మధ్యే.

నీ దారి చూస్తూ కళ్ళు కాయలు కాసిన,
ఉమ్మ్ ఘాలెబ్

తా.క. ఇర్బిద్‌లో ఎవరిదో స్లాబు కూలిందని బస్సులో అనుకుంటుంటే విన్నాను. నువ్వు వేసింది కాకపోతే వెంటనే రాయి. నువ్వు వేసిందే అయితే రాయకు, నాకు నిద్ర పట్టదు.

*

ఇర్బిద్

పెద్దమ్మ ఉమ్మ్ ఘాలెబ్ గారి చేతులు ముద్దాడి షెహాదె రాసేది,

మీ మాట నా తల మీద, నా కంటి మీద. మీ స్లాబు నా స్లాబు. మీ మేకలు నా మేకలు. ఆలస్యం నా వల్ల కాదు పెద్దమ్మా, సెంట్రింగు చెక్కల వల్ల. అవి ఇక్కడొక పెద్దమనిషి స్లాబు కింద ఇరుక్కున్నాయి. అది గట్టిపడగానే విప్పుకుని తెస్తాను. వచ్చే శనివారం, ఇన్షా అల్లా, మీ ఊరి కోళ్ళు కూయకముందే మీ గుమ్మంలో ఉంటాను. షెహాదె మాటంటే కాంక్రీటులో దిగిన ఇనుప కడ్డీ.

మీ కొడుకులాంటి,
షెహాదె

తా.క. కూలిన స్లాబు నాది కాదు. కూలాలంటే ముందు వేయాలి కదా పెద్దమ్మా.

*

కఫ్ర్ లోజా

నాయనా షెహాదె,

శనివారం వచ్చింది. కోళ్ళు కూశాయి. నువ్వు రాలేదు.

స్లాబు వేసే రోజున పనివాళ్ళకూ ఇరుగుపొరుగుకూ మన్సఫ్ పెట్టకపోతే ఎలా? గొర్రెను కోయించాను. ఎండు పెరుగు నానబెట్టి, మాంసం అందులో ఉడికించి, పళ్ళేల నిండా అన్నం మీద పోశాను. ఊరంతా వచ్చింది. తిన్నారు, తలెత్తి చూశారు, "కప్పు భలే ఎత్తుగా వేయించావమ్మా ఉమ్మ్ ఘాలెబ్, మబ్బులు కూడా కనిపిస్తున్నాయి" అని చేతులు కడుక్కుని వెళ్ళారు. రస్మియ్యా అయితే నా చెవి దగ్గరకొచ్చి, "మేస్త్రిని నమ్మడమూ, పిల్లిని పాలకు కాపలా పెట్టడమూ ఒకటే అక్కా" అంది.

నాకు కోపం లేదు నాయనా, భయమేసింది. లోయ మలుపులో లారీ బోల్తా కొట్టిందేమోనని బస్సు డ్రైవరు చేత ఇర్బిద్ ఆసుపత్రిలో వాకబు చేయించాను. షెహాదె అని ఒకాయన ఉన్నాడట, కాలు విరిగిందట. ఏడ్చుకుంటూ ఉత్తరం రాసి, నారింజలు పంపాను. తీరా చూస్తే ఆయన పాల వ్యాపారి. మరి నువ్వెక్కడున్నావు? ఒంట్లో బాగుందా? జ్వరమా? నీ భార్య నీకు ఉప్పు ఎక్కువ వేసి పెడుతోందా?

నిద్ర లేని,
ఉమ్మ్ ఘాలెబ్

తా.క. ఆ పాల వ్యాపారి చాలా మర్యాదస్తుడు. ఉత్తరానికి వెంటనే జవాబిచ్చాడు. కాలు అతకగానే తానే వచ్చి స్లాబు వేస్తానంటున్నాడు.

*

ఇర్బిద్

పెద్దమ్మా,

ఏ చేత్తో రాయను? బుధవారం నాడు మక్కా వెళ్ళొచ్చిన మా అత్తగారు, ఐన్ తీనా ఊరి హజ్జా ఫిద్దా, దేవుడి దగ్గరకు వెళ్ళిపోయింది. నాకు తల్లి కంటే ఎక్కువ. చివరి మాటగా "నాయనా షెహాదె, ఒళ్ళు పాడుచేసుకోకు, పనిలో కాస్త విరామం తీసుకో" అంది. ఆ మాట ఎలా జవదాటను? నలభై రోజుల దాకా తాపీ ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను.

కన్నీళ్ళతో,
షెహాదె

తా.క. మీరు పరామర్శకు రావద్దు. ఇర్బిద్ మీకు దూరం, మీ మోకాళ్ళు అసలే అంతంతమాత్రం.

*

కఫ్ర్ లోజా

నాయనా షెహాదె,

ఏడవకు! శుభవార్త! నిన్నెవరో మోసం చేశారు. మీ అత్తగారు బతికే ఉంది.

నువ్వు ఇంకా ఏడుస్తుంటావేమోనని ఇంటికి రాగానే కాళ్ళు కూడా కడుక్కోకుండా రాస్తున్నాను. ఇర్బిద్‌కు రావద్దన్నావు, సరే. ఐన్ తీనా అయితే మాకు కొండ దిగితే వస్తుంది. చావింటికి పోకపోతే మనం మనుషులమేనా? మళ్ళీ మన్సఫ్ వండాను. మా వీధి ఆడవాళ్ళమంతా నల్ల బట్టలు కట్టుకుని బస్సెక్కాం. మా ఊళ్ళో శోకాలు పెట్టడంలో ఉమ్మ్ హంజా తరువాతే ఎవరైనా. ఆవిడ బస్సు దిగిన దగ్గర నుంచే మొదలుపెట్టింది: "ఓ ఫిద్దా! వెండి స్తంభమా! ఇల్లు చీకటి చేసి పోయావా!"

తలుపు తెరుచుకుంది. చేతుల నిండా పిండితో ఒక పెద్దావిడ.

"ఎవరమ్మా పోయింది?" అంది.

"హజ్జా ఫిద్దా" అన్నాను.

"హజ్జా ఫిద్దాను నేనే."

"ఎప్పుడు పోయానట?" అంది.

"బుధవారం, హజ్జా."

"బుధవారం నేను పొయ్యి దగ్గర రొట్టెలు కాల్చుకుంటున్నాను కదే! ఎవడు చెప్పాడు?"

"మీ అల్లుడు షెహాదె మేస్త్రి."

ఆవిడ చేతికంటిన పిండి దులుపుకుంది, మేమంతా ఏడుపు ఆపేశాం. ఉమ్మ్ హంజా మాత్రం ఆగలేదు. ఒకసారి మొదలెడితే మధ్యలో ఆపడం తనకు రాదట. హజ్జా ఫిద్దాయే ఆవిడను కూర్చోబెట్టి నీళ్ళు తాగించింది. "నా గురించి ఇంత బాగా ఎవరూ ఏడవలేదు, పూర్తి చెయ్యి తల్లీ" అంది. తరువాత అందరం మన్సఫ్ చుట్టూ కూర్చున్నాం. ఆవిడ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుని, "నా చావు భోజనంలో ఉప్పు తగ్గింది" అంది.

నీ ఒట్టు సంగతి, నా గోడల సంగతి, మేకల సంగతి అంతా చెప్పాను. విని, మూట కట్టుకుని మాతోపాటే బస్సెక్కేసింది. ఇప్పుడు నా గోడల మధ్య, నేను పరిచిన తివాచీ మీద కూర్చుని ఉంది. "నా అల్లుడి లెక్కలో నేను చచ్చాను. చచ్చినదానికి తొందరేముంది? స్లాబు పడేదాకా ఇక్కడే. పడకపోతే దెయ్యాన్నై ఇర్బిద్‌లో వాడి ఇంట్లోనే కాపురముంటా" అంటోంది. ఎందుకంత కోపమో నాకు అర్థం కాలేదు. ఎవరో నీకు అబద్ధం చెప్తే నువ్వేం చేస్తావు?

నీ సంతోషంలో పాలు పంచుకునే,
ఉమ్మ్ ఘాలెబ్

తా.క. మేకలు ఆవిడను చూసి వెళ్ళిపోయాయి.

*

ఇర్బిద్

పెద్దమ్మా,

రేపే. చెక్కలు, సిమెంటు, ఇనుము, మిక్సరు, మనుషులు, అన్నీ లారీ ఎక్కేశాయి. ఆవిడను ఎండలో కూర్చోనివ్వకండి. నీడలోనూ వద్దు, చల్లగాలి పడదు.

కాళ్ళ మీద నిలబడలేని,
షెహాదె

తా.క. నా భార్యకు కూడా తెలిసిపోయింది. నా కంచంలో రొట్టె పెట్టి, "తిను. అయ్యో, నువ్వు దుఃఖంలో ఉన్నావు కదూ" అని తీసేస్తోంది.

*

కఫ్ర్ లోజా

నాయనా షెహాదె,

దేవుడు నీ చేతులకు బలమివ్వాలి! స్లాబు రోజున నువ్వు మిక్సరు వెనకే నక్కి తల పైకెత్తలేదు కాబట్టి నువ్వు చూడనివి రాస్తున్నాను. ఆడవాళ్ళందరూ గోడ కింద వరసగా నిలబడి నాలుకలు తిప్పుతూ ఒకటే కేకలు, పెళ్ళివారి కేకలు. ఉమ్మ్ హంజా కూడా కేక వేసింది, కాకపోతే చివర్లో ఏడుపు కలిసిపోయింది. హజ్జా ఫిద్దా నిచ్చెనెక్కి ఒక్కొక్క తట్టనూ చూసి "ఇంకా పొయ్యండి, ఇది నా సమాధి రాయి కాదు పొదుపు చేయడానికి" అంది. రస్మియ్యా నోరు తెరిచి మళ్ళీ మూసుకుంది. అది చూశాక ఇన్నేళ్ళు బతికినందుకు ఫలితం దక్కింది.

ఇప్పుడు స్లాబు గట్టిపడింది, మీవాళ్ళు చెక్కలు విప్పుకెళ్ళారు. అయినా నాకు గుండె దడగానే ఉంది. తలుపుల్లేవు, కిటికీల్లేవు, మెట్లు సగంలో ఆగాయి. హజ్జా ఫిద్దా లోపలి గదిలో పరుపు వేయించుకుంది. తలుపు సందు లేకుండా బిగిసేదాకా కదలదట. చలి పెడితే నేరుగా మీ ఇంటికి వస్తుందట. నేను ఎంత చెప్పినా వినడం లేదు నాయనా, నువ్వే ఏదో ఒకటి చూడు.

నీ మేలు కోరే,
ఉమ్మ్ ఘాలెబ్

తా.క. మీ ఇంట్లో కిటికీ పక్కన ఉండే మంచం ఎవరిదని అడిగింది. నీదే అయ్యుంటుందన్నాను. "ఇప్పటిదాకా" అంది.

*

ఇర్బిద్

పెద్దమ్మా,

తలుపులు బిగించాం. కిటికీలకు అద్దాలు పెట్టాం. మెట్లు పూర్తయ్యాయి. ఒప్పందంలో లేని సున్నం కూడా వేశాను, అడగని చోట మేకులు కూడా కొట్టాను. ఇరవై ఏళ్ళ మేస్త్రితనంలో ఇంత త్వరగా ఏ ఇల్లూ ముగించలేదు. మావాళ్ళు నాకు ఒంట్లో బాగాలేదనుకుంటున్నారు.

శుక్రవారం నమాజు అయ్యాక నేనే వచ్చాను, మీరు చూశారుగా. ఆవిడ దుప్పటి ముసుగేసుకుని గోడవైపు తిరిగి పడుకుంది. గుమ్మంలో మోకాళ్ళ మీద కూర్చుని చాలాసేపు క్షమాపణ అడిగాను. ఉలకలేదు, పలకలేదు. అంత కోపం ఎప్పుడూ చూడలేదు. వస్తూ వస్తూ పరుపు అంచు ముద్దు పెట్టుకున్నాను.

మీకు దండం పెడతాను, ఆవిడ మనసు మార్చి ఐన్ తీనాకు పంపండి.

మీ బానిస,
షెహాదె

తా.క. మీ మాట వింటుంది కాబట్టి అడుగుతున్నాను. దుప్పటి లోపల నుంచి నవ్వు లాంటిది వినిపించిందని నా పనివాడు అంటున్నాడు. నిజమేనా?

*

కఫ్ర్ లోజా
మా సొంత ఇల్లు

నాయనా షెహాదె,

కూర్చుని చదువు. నీళ్ళు దగ్గర పెట్టుకో.

హజ్జా ఫిద్దా నా ఇంట్లో లేదు. స్లాబు పడిన సాయంత్రమే, జర్కాలో ఉన్న నీ మరదలికి నొప్పులు మొదలయ్యాయని కబురొస్తే, ఆఖరి బస్సెక్కి వెళ్ళిపోయింది. నీ భార్యకు తెలుసు, నీకు చెప్పలేదంతే. వెళ్తూ, "నేను పోయానని షెహాదెకు చెప్పకు. వాడికి ఆ వార్త పాతదే" అంది.

నేను నవ్వాను. తరువాత కూర్చుని ఆలోచించాను. తలుపుల్లేని ఇల్లు, ఊరు దాటి వెళ్ళిపోయిన మేస్త్రి. నువ్వు బతికున్నావిడను చంపావు కదా, నేను లేనావిడను ఉంచితే తప్పేమిటి అనిపించింది. ఆ అబద్ధం రాసిన రాత్రి తెల్లవార్లూ నిద్ర లేదు. నువ్వు కిటికీలు పెట్టించిన రాత్రి కాస్త పట్టింది. నువ్వు సున్నం వేయించిన రోజు గురక పెట్టానని రస్మియ్యా చెప్పింది.

దుప్పటి కింద ఉన్నవి నా రెండు తలగడలూ, ఒక బియ్యం బస్తా. నువ్వు క్షమాపణ అడిగింది వాటినే. చాలా బాగా అడిగావు నాయనా, వంటింట్లో నిలబడి విన్న నాకే కళ్ళు చెమర్చాయి. ఆ నవ్వు నాది కాదు, ఉమ్మ్ హంజాది. ఆవిడకు ఏడుపు ఆపుకోవడమూ రాదు, నవ్వు ఆపుకోవడమూ రాదు.

ఈ ఉత్తరం రాస్తుంటే బయట తొలి వాన పడుతోంది. స్లాబు మీద గుప్పెళ్ళతో శనగలు పోస్తున్నట్టు చప్పుడు. ఒక్కో మూలా వెళ్ళి తడిమి చూశాను. ఒక్క చుక్క లేదు. రాత్రి గది మధ్యలో పరుపు వేసుకుని, అటు దొర్లాను, ఇటు దొర్లాను, కావాలనే చేతులు బారచాపి దొర్లాను. తగలడానికి ఒక్క జాడీ లేదు. రస్మియ్యా గొడుగు వేసుకుని చూడటానికి వచ్చింది, తలెత్తి చూసింది. "సున్నం తెల్లగా ఉంది" అని వెళ్ళిపోయింది.

నువ్వు మంచి మేస్త్రివి. తొందరపెడితే.

హాయిగా నిద్రపోయి లేచిన,
ఉమ్మ్ ఘాలెబ్

తా.క. నీ మరదలికి ఆడపిల్ల పుట్టింది. హజ్జా ఫిద్దా ఈ గురువారం జర్కా నుంచి నేరుగా మీ ఇంటికే వస్తోంది, చలికాలమంతా ఉంటుందట. ఒట్టు, ఇది మాత్రం అబద్ధం కాదు. ఇల్లు చాలకపోతే వెంటనే ఇంకో గది కట్టించుకో. మేస్త్రీలను మాత్రం నమ్మకు నాయనా, తిప్పుతారు.