ఫ్యాను తిప్పొద్దు

బాబ్జీ బావా,

టేబుల్ ఫ్యాను కంప్యూటర్ వైపు పెట్టి వెళ్తున్నాను. దాన్ని తిప్పొద్దు. సీపీయూ మూత కూడా తీసే ఉంచాను, వేడెక్కితే ఆగిపోతోంది. కొత్త విండోస్ ఎక్స్‌పీ మళ్ళీ ఎక్కిస్తున్నాను. తెర మీద గీత కదలకపోయినా స్విచ్ ముట్టుకోకు. చేపల వేట నుంచి వచ్చి ఈ ఉక్కలో పడుకోవడం కష్టమే, ఈ పూటకి వసారాలో సర్దుకో. పులుసు పొయ్యి మీదే ఉంది.

ఈ పాత మిషను ఎక్స్‌పీని మోయలేదని సీడీ ఇచ్చినాయన ముందే చెప్పాడు. రెండుసార్లు సగంలోనే చచ్చింది. కానీ పెళ్ళికార్డుల కొత్త సాఫ్ట్‌వేర్ విండోస్ 98లో తెరుచుకోదు. అది లేకపోతే ఇక టైపింగ్ పని ఇచ్చేది లేదని ప్రెస్సువాళ్ళు అనేశారు. ఇంకో వారం గడువు అడగడానికే ఇప్పుడు బందరు వెళ్తున్నాను. ఇవ్వరు.

కొత్తది కొనుక్కుందామని మాత్రం అనకు. మన పెళ్ళయిన కొత్తలో ఈ డబ్బాని గుడివాడ నుంచి బస్సులో ఒళ్ళో పెట్టుకుని తెచ్చావు. దిగేసరికి కాళ్ళు తిమ్మిరెక్కి నిలబడలేకపోయావు. అందుకే దీన్ని పారెయ్యలేక చస్తున్నాను.

హారిక

వేసిన తాళం తీసి మళ్ళీ రాస్తున్నాను. ఫ్యాను నీ వైపే తిప్పుకుని పడుకో. ఎంత గాలి పెట్టినా అది లేవదు.