రక్తమా, ప్లాస్మానా

జూలై 3
శేఖర్ అన్న మోడల్ ఇవాళ కూడా ముందుకు కదల్లేదు. మలేరియా మందు ఒంట్లో ఎంతసేపు ఉంటుందో కంప్యూటర్‌లో లెక్కగట్టే మోడల్. ల్యాబ్‌లో నా సీనియర్, ఒక్కడే కూర్చుని కట్టుకున్నాడు. పక్షవాతం వచ్చి మంచాన పడ్డాక నా చేతికొచ్చింది. అంకెలున్నాయి. ఏ అంకె దేనిదో ఎక్కడా రాసి లేదు...

జూలై 5
మా ల్యాబ్ నడిపే మేడమ్ ఫోన్. "పుణెలో మందు పరీక్షలు చేసేవాళ్లు ఉమ్మడి ఫార్మాట్‌లోనే పంపమంటున్నారమ్మా. ఎవరు తెరిచినా ఒకేలా నడవాలి. పిల్లల మోతాదు లెక్కలు దీంతోనే మొదలుపెడతారట..."

జూలై 6
ఆ ఫార్మాట్‌లోకి మారుస్తున్నాను. ప్రతి అంకెకూ అర్థం అడుగుతోంది. అడగడం న్యాయమే. అన్నీ పూర్తి చేశాను, ఒక్కటి తప్ప. ఈ మందు కొలత మొత్తం రక్తంలోదా, కణాలు తీసేసిన ప్లాస్మాలోదా? రెండు రకాలుగా నడిపి చూశాను. రెండూ నమ్మేలాగే ఉన్నాయి. మోతాదు మాత్రం ఒకటి కాదు.

జూలై 9
వానలో ఎల్బీ నగర్, అన్న ఇంటికి. వదిన తలుపు తీసింది. "జర కూసో. ఇప్పుడే గంజి తాపిన."
ల్యాప్‌టాప్ ముందు పెట్టగానే అన్న ముఖం మారింది. గుర్తుపట్టాడు. "అన్నా, ఇది రక్తంలోదా?" తల ఊపాడు. "ప్లాస్మాలోదా?" మళ్లీ ఊపాడు. ఎడమచేత్తో తెరను తాకి, "అది... అది..." అంతే. ఆ మాట దాటి ఇంకోటి రాలేదు. కళ్లలో నీళ్లు.
"ఏదడిగినా గట్లనే ఊపుతడు," అంది వదిన. "ఆకలైతుందా అన్నా అంతే. అయితలేదా అన్నా అంతే."
లేస్తుంటే నా చేయి వదల్లేదు.

జూలై 10
ఏమీ చేయలేదు.

జూలై 14
మేడమ్‌కు చెప్పాను. "ఏదో ఒకటి రాసెయ్యమ్మా. తర్వాత దిద్దుకుందాం."
ఎవరు దిద్దుతారు... ఏది రాసినా ఫార్మాట్ ఒప్పుకుంటుంది. తప్పు రాస్తే ఆ తప్పు కూడా అందరి దగ్గరా ఒకేలా నడుస్తుంది. "తెలియదు" అని రాస్తానన్నాను. "తెలియదని రాసి పంపితే వాళ్లు తీసుకుంటారా? అతని పనంతా పక్కన పడేస్తారు."
అదీ నిజమే.

జూలై 17
దిల్‌సుఖ్‌నగర్‌లో బస్సు కోసం నిలబడి ఉండగా వదిన ఫోన్. "నువ్వు పోయినకాన్నుంచి మీ అన్న తలుపు దిక్కే చూస్తుండు. ఎవలొచ్చినా నువ్వే అనుకుంటుండు. ఆ కంప్యూటర్ డబ్బా పట్టుకొని మళ్ల ఎప్పుడొస్తవ్?"
ఆదివారం వస్తానన్నాను.
ఫైలు రేపే వెళ్లాలి. రక్తమా, ప్లాస్మానా అన్న గడి ఇంకా ఖాళీగానే ఉంది.