గంగమ్మ జాతర సెలవు

జూన్ 9, సోమవారం
కరెంటు ప్లాంటు గేటు దగ్గర మిషన్ నా వేలిముద్ర తీసుకోలేదు. తుడిచి మళ్లీ పెట్టాను. ఎర్ర లైటే. పడవ అమ్మేసి, కూలీలను పంపే ఏజెన్సీ ద్వారా చేరిన పని... తొమ్మిదేళ్లు బొగ్గు బెల్టు కింద ఊడ్చిన చేయి ఇది. సూపర్‌వైజర్ ఖాదర్ అన్న పక్కకు పిలిచి, "ఏజెన్సీ నిన్ను తీసేసిందబ్బయ్యా. మాస్కులు కావాలని అడిగింది నువ్వే గదా" అన్నాడు. తమ్ముడు శీను వేలు మిషన్‌కు పట్టింది. వెనక్కి చూస్తూ లోపలికి పోయాడు.

జూన్ 11
ప్లాంటు ఆఫీసులో— "నువ్వు మా మనిషివి కాదు, ఏజెన్సీని అడుగు." ఏజెన్సీలో— "ప్లాంటోళ్లే వద్దన్నారు." మరి ఇన్నేళ్లూ నేను ఎవరి మనిషిని?
ఇంటికొచ్చి చెబితే నా భార్య లక్ష్మి అన్నం పెట్టి పక్కకు పోయింది. నాలుగు తిట్టినా బాగుండేది.

జూన్ 16
నెల్లూరు కోర్టులో ఉచిత సలహా. లాయరమ్మ ఓపికగా వింది. ఏజెన్సీ మనిషికైనా హక్కులుంటాయట, ఇన్నేళ్లు చేసినవాణ్ని నోటీసు లేకుండా తీసెయ్యకూడదట. ప్రాణం లేచొచ్చింది. మధ్యలో మానేశారా అని అడిగింది.
"లేదమ్మా. గంగమ్మ జాతరకు మాత్రం మా పల్లెవాళ్లందరికీ ఏజెన్సీ ఆయన ఏటా సెలవిస్తాడు."
"తిరిగొచ్చాక మళ్లీ ఫోటో, వేలిముద్ర తీస్తారా?"
"తీస్తారమ్మా."
ఆమె పెన్ను కింద పెట్టింది. ఏటా మేము మానేసినట్టు, ఏటా కొత్తగా చేరినట్టు చూపిస్తున్నారట. కాగితాల మీద ఆ తొమ్మిదేళ్లు లేనట్టేనట. అమ్మవారి కుంకుమ నుదుట పెట్టుకుని, తల దువ్వుకుని మరీ నిలబడ్డాం ఆ ఫోటోలకు. జాతర పందిరి తన ఖర్చుతో వేయిస్తాడని పోయిన ఏడు ఆయనకు శాలువా కప్పింది కూడా మేమే.

జూన్ 20
లాయరమ్మ నెల్లూరు లేబర్ ఆఫీసులో కేసు వేసింది, జూలై 2న విచారణ. నేను మధ్యలో మానలేదని లోపల పనిచేసేవాళ్లు ఒకరైనా ఆ రోజు వచ్చి చెప్పాలి. ఎవరొస్తారు? తోటివాళ్లందరూ తల దించుకున్నారు. ఊరి పెద్ద అయితే— "అమ్మోరికి పందిరేసినోడి మీద కేసేందిరా?"

జూన్ 23
అన్నం తింటూ శీను అన్నాడు— "నేను చెప్తాలే అన్నా."
అమ్మ గరిటె పట్టుకుని అట్లాగే నిలబడిపోయింది. ఇప్పుడు ఇంట్లోకి వచ్చేది వాడి జీతమొక్కటే.

జూన్ 27
ఖాదర్ అన్న ఇంటికొచ్చాడు. "శీనును రెండో తేదీ డ్యూటీకే రమ్మను. రాకపోతే వాడి వేలు కూడా పట్టదు." బెదిరింపు కాదు. పాపం, ఆయనా ఏజెన్సీ మనిషే.

జూన్ 28
లాయరమ్మకు ఫోన్. శీనును తీసేస్తే? "దాని మీద కూడా కేసు వేద్దాం" అంది. మంచి పిల్ల. కేసులతో అన్నం ఉడకదని ఆమెకు ఎట్లా చెప్పేది?

జూలై 2
విచారణ ఈరోజే. నెల్లూరు బస్సూ ప్లాంటు బస్సూ ఆగేది ఒకే చోట. శీను స్నానం చేసి, చెప్పులేసుకుని గుమ్మంలో ఉన్నాడు.
"ఎటు పోమంటావన్నా?"
రారా అంటే వస్తాడు. వద్దంటే బతికిపోతాడు. రెండు మాటలూ నోట్లోనే ఉన్నాయి. ఇది రాస్తూ కూర్చున్నాను.
ప్లాంటు బస్సు హారన్ కొడుతోంది. వాడు ఇంకా నా వైపే చూస్తున్నాడు.