ఏసీ గదిలో చేతిగీతలు

జహీరాబాద్,
11 ఏప్రిల్ 1988

నాయినకు నీ బిడ్డ జగదేవి దండాలు.

కోహీర్ సంతలో కనిపించిన ప్రతివాళ్లకూ "మా బిడ్డ కంప్యూటర్ మీద లారీ బొమ్మలు గీస్తది" అని చెబుతున్నావట. ఇక ఆపు నాయినా. నీకు చెప్పని సంగతి ఒకటుంది. చెప్పకపోతే నాకు ముద్ద దిగేలా లేదు.

ఆ కంప్యూటర్ గీయదు. ఫ్యాక్టరీలో దానికోసం ఏసీ గది కట్టారు. చెప్పులు బయట విప్పాలి, నేను పిలవనిదే ఎవరూ లోపలికి రాకూడదు. మన ఇంట్లో దేవుడికి కూడా అంత మడి లేదు. తీరా పొద్దంతా కూర్చుని ఒక బ్రేకు బ్రాకెట్టు గీస్తే, ఇంకాసేపట్లో పూర్తవుతుందనగా అందులోని డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్ బిగుసుకుపోతుంది. ఏ మీట నొక్కినా ఉలకదు, పలకదు. ఆపి మళ్లీ పెడితే పొద్దుటి పనంతా గోవిందా. ఒక్కోసారి దాచిపెట్టిన బొమ్మను తెరిస్తే బోల్టు రంధ్రాలు పక్కకు జరిగి ఉంటాయి. ఆ కొలతతో ఇనుము కోస్తే ఏమవుతుంది? అది బ్రేకుకు సంబంధించింది నాయినా, రోడ్డు మీద మనుషుల ప్రాణాలు.

మొదట్లోనే మా మేనేజర్ మాణిక్‌రావు సారుకు చెప్పాను. పెద్దాఫీసును ఒప్పించి ఆ మిషన్ తెప్పించింది ఆయనే. "మిషన్ తప్పు చెయ్యదమ్మా, మనిషి చేస్తడు. నీకు చాతకాకపోతే చెప్పు, వేరేటోళ్లను చూసుకుంట" అన్నాడు. నాకు ఒళ్లు మండిపోయింది, భయం కూడా వేసింది. ఆ రోజు నుంచి తలుపు వేసుకుని, మా ముసలి డ్రాఫ్ట్స్‌మన్ సర్వర్ సాబ్ నేర్పినట్టే ట్రేసింగ్ కాగితం మీద చేత్తో గీస్తున్నాను. అక్షరాలకు స్టెన్సిల్ ఉంది. నీలి ప్రింటు తీశాక ఏది మిషన్ గీతో, ఏది చేతిగీతో ఎవరికీ తెలియదు. సారు ఆ ప్రింట్లు పట్టుకుని "చూసిన్రా, కంప్యూటరంటే గిట్లుంటది!" అని అందరికీ చూపిస్తున్నాడు. నేను నోరు మూసుకుని నిలబడుతున్నాను.

ఇప్పుడు ముంచుకొచ్చింది. వచ్చే వారం పెద్దాఫీసు నుంచి వీరప్ప గారనే డైరెక్టరు వస్తున్నారు. కంప్యూటర్ ఇంత బాగా పనిచేస్తోంది కాబట్టి డ్రాయింగ్ బోర్డులన్నీ తీసేసి, సర్వర్ సాబ్‌నూ మిగతా డ్రాఫ్ట్స్‌మన్లనూ స్టోర్స్‌కు పంపాలని మాణిక్‌రావు సారు ఆర్డర్ తయారుచేశాడు. నా చేయి పట్టుకుని గీత గీయడం నేర్పిన మనిషి ఇక నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకోవాలి. నా గీతలే ఆయన నోట్లో మట్టి కొడుతున్నాయి.

అందుకే నిర్ణయించుకున్నాను. డైరెక్టరు ముందు నేను ఏమీ కప్పిపుచ్చను. మిషన్‌ను దాని మానాన వదిలేస్తాను, అది ఎప్పటిలాగే మొరాయిస్తుంది. నా ఉద్యోగం పోతే పోనీ.

నీ జగదేవి


జహీరాబాద్,
23 ఏప్రిల్ 1988

నాయినా,

అది మొరాయించలేదు!

వీరప్ప గారు నా పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. వెనక మాణిక్‌రావు సారు. గుమ్మం దగ్గర సర్వర్ సాబ్, మిగతావాళ్లు. ప్రతి గీతకూ ఇప్పుడు ఆగుతుంది, ఇప్పుడు ఆగుతుంది అనుకుంటూ గీశాను. ఆ చల్లటి గదిలో నాకు చెమటలు. బొమ్మ దాచి, మూసి, మళ్లీ తెరిచాను. ఒక్క రంధ్రమైనా జరగలేదు. ఇల్లు పీకి పందిరేసే పిల్లాడు చుట్టాల ముందు బుద్ధిమంతుడైనట్టు, ఆ దిక్కుమాలిన మిషన్ బొమ్మంతా చక్కగా గీసి పెట్టింది.

"బహుత్ అచ్ఛా! గా స్టోర్స్ ఆర్డర్ తెండ్రి మాణిక్‌రావ్, సంతకం పెడత" అన్నారు డైరెక్టరు.

ఆయన పెన్ను తీశారు. నేను సొరుగు లాగి నా ట్రేసింగులన్నీ ఆయన ముందు పడేశాను. "సార్, ఇన్నొద్దులు ఇనుము కోసే షాపుకు పోయినయన్ని ఇవే. నా చేత్తోని గీసిన. మిషన్ సక్కగ నడిచింది ఇయ్యాల ఒక్కనాడే" అన్నాను.

"అబద్ధం సార్! భయపడి ఏదేదో చెప్తున్నది" అని మాణిక్‌రావు సారు అరిచాడు.

వీరప్ప గారు ఒక ట్రేసింగును దీపానికి ఎదురుగా పట్టుకున్నారు. ప్రతి గుండ్రటి గీత నడిమధ్య కంపాసు సూది గుచ్చిన చిల్లు కనిపించింది. మిషన్ గీతకు ఆ చిల్లు ఉండదు. తర్వాత ఆయన పెన్ను జేబులో పెట్టుకున్నారు. బోర్డులు ఎక్కడివక్కడే ఉండాలన్నారు. ఇంతకాలం దాచినందుకు నాకు ఏ శిక్ష వేయాలో రేపు చెబుతానన్నారు.

నాకు ఆ శిక్ష గురించి బెంగ లేదు. సర్వర్ సాబ్ మెచ్చుకుంటాడని పరుగెత్తుకుంటూ వెళ్లాను. ఆయన నా ముఖం చూడలేదు.

"సాబ్, మీ బోర్డు మిగిలింది" అన్నాను.

"బోర్డు కోసం ఎవరేడ్చిన్రు?" అన్నాడు. "గా గదిల ఒక్కదానివే గన్ని తిప్పలు పడ్డవు. ఒక్కసారన్న సర్వర్ సాబ్, జర వచ్చి చూడుండ్రి అన్నవా? ఈ ముసలోనికి బోర్డు తప్ప ఏం చాతకాదని మాణిక్‌రావు అనుకున్నడు. నువ్వు గట్లనే అనుకున్నవు బేటీ. గా మిషన్ మీద చెయ్యి పెట్టాల్నని నాకెంత ఉండెనో నీకెరుకేనా?"

నాయినా, నేను ఆయన్ను కాపాడుతున్నాననుకున్నాను. ఆయనకూ ఆ మిషన్ మీద మనసుంటుందని నిజంగా నా బుర్రకు ఒక్కనాడూ తట్టలేదు. అక్కడే నిలబడి ఏడ్చాను.

మర్నాడు వీరప్ప గారు పిలవకముందే నేనే వెళ్లాను. "నన్ను బోర్డుకు పంపుండ్రి, గదిల సర్వర్ సాబ్‌ను కూసోబెట్టుండ్రి. ఆ మిషన్ ఎక్కడెక్కడ ఆగుతదో ఆయనకు నేను చెప్త" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి సరేనన్నారు. మిషన్ అమ్మినవాళ్లనూ పిలిపిస్తున్నారు. మాణిక్‌రావు సారు నాతో మాట్లాడటం మానేశాడు.

నిన్న మధ్యాహ్నం అన్నాల వేళ సర్వర్ సాబ్ బయటికొచ్చాడు. జుట్టు చెదిరి ఉంది, కళ్లు ఎర్రబడ్డాయి. "కంబఖ్త్! పొద్దుగాల సంది గీసిందంత పోయింది బేటీ, మళ్ల బిగుసుకపోయింది!" అని అందరికీ వినపడేలా తిట్టాడు. తిడుతూనే గబగబా రొట్టె తిని, చేతులైనా సరిగ్గా తుడుచుకోకుండా మళ్లీ లోపలికి పోయాడు. ఆయన ముఖంలో అంత సంతోషం నేనెప్పుడూ చూడలేదు.

నీ బిడ్డ
జగదేవి